బడి–ఇల్లు ప్రశ్నోత్తరాలు: ‘మాకేం వచ్చునమ్మా’ అనే తల్లులు

ప్రశ్న: నేను ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. నా తరగతిలో 22 మంది ఉన్నారు. వారి ఇళ్లలో తెలుగు, ఒడియా, ఇక్కడి గిరిజనులైన సవరల భాష సవర, మూడూ వినిపిస్తాయి. ‘మీకు వచ్చిన విద్యను మా పిల్లలకు చూపించండి’ అని తల్లిదండ్రులందరికీ చీటీలు పంపితే ముగ్గురే వచ్చారు. వారిలో ఒకరు సంగీతం నేర్చుకున్నవారు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు ఉపాధ్యాయిని. మిగిలిన తల్లులు ‘మాకేం వచ్చునమ్మా’ అని తప్పుకొన్నారు. వారిని ఎలా రప్పించాలి?
— ఒక ఉపాధ్యాయిని, గుణుపురం

జవాబు: చీటీలో మీరు రాసిన ‘విద్య’ అనే మాటే వారిని గుమ్మం దగ్గర ఆపేసిందని నా అనుమానం. విద్య అంటే చదువుకున్నవారికీ వేదిక ఎక్కినవారికీ ఉండేదన్న భావం మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. అడ్డాకులు ముందేసుకొని, సన్నని వెదురు పుల్లలతో రోజుకు ఎన్నో విస్తర్లు కుట్టే తల్లి దాన్ని విద్య అనదు, పని అంటుంది. కాబట్టి ‘మీకేం వచ్చు’ అని అడగడం మానేసి, ఒక సాయంత్రం వారి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చోండి. ఆ పూట వారి చేతులు ఏ పనిలో ఉన్నాయో చూడండి. మీకు కావలసిన జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈ పద్ధతి ఇతర దేశాల్లోనూ ఫలితమిచ్చింది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం టూసన్ నగరంలో లూయిస్ మోల్, ఆయన సహచరులు ఉపాధ్యాయులతో కలిసి మెక్సికన్ మూలాలున్న శ్రామిక కుటుంబాల ఇళ్లకు వెళ్లి, అక్కడ గమనించిన విషయాలను 1992లో ప్రచురించారు. పేదరికం తప్ప మరేమీ లేదని పైవారు అనుకునే ఆ ఇళ్లలో వ్యవసాయం, ఇంటి కట్టడం, మూలికా వైద్యం, వ్యాపారం వంటి ఎంతో జ్ఞానం ఉందని వారు చూపించారు. తన విద్యార్థి ఒకడు మెక్సికో మిఠాయిలు అమ్ముతాడని ఇలాగే తెలుసుకున్న ఒక ఉపాధ్యాయిని ఆ మిఠాయినే తరగతిలో పాఠంగా మలచింది. ఒక తల్లి వచ్చి దాన్ని ఎలా చేయాలో పిల్లలకు స్వయంగా నేర్పింది. ఆ పిల్లలు మన పిల్లల కంటే పెద్దవారే అయినా, ముందు ఇంటికి వెళ్లి తర్వాత బడికి పిలవాలన్న ఆ వరస మనకు మరింత అవసరమని నేను నమ్ముతాను.

నేను బాలవాడిలో పని చేసిన రోజుల్లో ఒక తల్లి అడ్డాకుల మోపుతో వచ్చింది. ఆమెను పిల్లల ముందు కుర్చీలో కూర్చోబెట్టకుండా, వారి మధ్య చాప మీద కూర్చోమన్నాను. మొదటి పది నిమిషాలు ఆమె ఏమీ మాట్లాడలేదు, కుట్టుకుంటూ పోయింది. పిల్లలే దగ్గరకు జరిగి ఆకులు అందించడం మొదలుపెట్టారు. పెద్ద ఆకులు ఒకవైపు, చిన్నవి మరొకవైపు వేరు చేశారు. దొప్పకు ఎన్ని ఆకులు పడతాయో, విస్తరికి ఎన్ని పడతాయో వేళ్ల మీద లెక్కపెట్టారు. ఒకడు తాను గుచ్చిన దొప్పలో నీళ్లు పోసి, అవి ఎక్కడ కారుతున్నాయో చూసి మరో పుల్ల గుచ్చాడు. తెలుగు పిల్లలు అడ్డాకు అన్నదాన్ని ఒడియా పిల్లలు సియాళి అన్నారు. ఎన్నడూ నోరు విప్పని ఒక సవర పిల్ల తన ఇంట్లో ఆ ఆకును ఏమంటారో చెప్పి, మా అందరి చేతా పలికించింది. ఆ మాటను ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను. లెక్క, వర్గీకరణ, భాష అని మనం వేరువేరుగా రాసుకునే పాఠాలన్నీ ఆ పూట ఒకే చాప మీద జరిగాయి.

రప్పించడంలో మరికొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కోతల రోజుల్లోనూ, చింతపండు రాలే నెలల్లోనూ కూలికి వెళ్లే తల్లిని పిలవకండి. ఏ గంట ఆమెకు కుదురుతుందో ఆ గంటకే మీ కాలపట్టికను సర్దండి. ఇరవై నిమిషాలు చాలు. ఒకసారికి ఐదారుగురు పిల్లలు మించకూడదు. ఒక్కసారి వచ్చి వెళ్లిపోతే అది ప్రదర్శనగానే మిగులుతుంది కనుక, అదే తల్లిని మళ్లీ మళ్లీ రమ్మనండి. చోడి (రాగి) పిండి, చేట, చింతపిక్కలు, కొండచీపురు కట్టే తాళ్లు వంటివి పిల్లల చేతికి ఇవ్వవచ్చు. పొయ్యి, కత్తిపీట మాత్రం ఇంట్లోనే ఉండాలి. పర్లాకిమిడి కొమ్ము పని చేసే తండ్రి ఎవరైనా దొరికితే, చెక్కని పశువు కొమ్మును, చెక్కి నునుపు చేసిన కొంగ బొమ్మను పక్కపక్కన పెట్టి తడమనిస్తే చాలు, ఉలులు తేవలసిన పని లేదు.

ఆచారాల విషయంలో తొందరపడకండి. మార్గశిర మాసంలో లక్ష్మివారం నాడు మన ఇళ్లలో ముగ్గులు వేస్తాం. అదే రోజున ఒడియా ఇళ్లలో బియ్యప్పిండిని నీటిలో కలిపి వేళ్లతో ఝోటి వేస్తారు. ఈ రెండింటినీ తరగతి నేల మీద పక్కపక్కన వేయించడానికి ఏ ఇంటివారూ అభ్యంతరం చెప్పలేదు. కానీ సవరలు గోడ మీద వేసే ‘ఇదితాల్’ బొమ్మ దేవతలకు, పితృదేవతలకు సంబంధించినది, పూజతో కూడినది. అందంగా ఉంది కదా అని దాన్ని పిల్లల చేత రంగు పెన్సిళ్లతో వేయించే ముందు ఆ కుటుంబాన్ని అడగండి. వారు వద్దంటే ఆ మాటతో ఆగిపోండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు, ఒడియా మాధ్యమంలో చేర్పించాం. మా అమ్మ బడికి వెళ్లి తెలుగులో కథ చెబుతానంటోంది. దానివల్ల వాడి ఒడియా వెనకబడుతుందేమోనని నాకు భయంగా ఉంది. తెలుగు రాని పిల్లలకు ఆ కథ అర్థమవుతుందా?
— ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: మీ అమ్మగారిని తప్పకుండా పంపండి. ఇంటి భాషలో బలంగా ఎదిగిన పిల్లలు రెండో భాషను ఆ పునాది మీదనే కట్టుకుంటారు. ఇల్లంతా ఒక్కసారిగా ఒడియాకు మారిపోతే మీ అబ్బాయికి నాయనమ్మతో మాట్లాడే భాష తగ్గిపోతుంది, ఒడియా పెరగడానికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే పెద్దపీట వేసింది.

ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడం నన్ను ప్రత్యేకంగా కదిలించింది. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) మీ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా ఉంటూ, కొండల నుంచి దిగివచ్చే సవరల మాటలు విని వారి భాష నేర్చుకున్నారు. ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పాఠశాలలు నడిపారు. తెలుగువాడైన ఆయన సవర పిల్లల కోసం చేసిన పనిని, ఒడియా ఉపాధ్యాయురాలు మీ అబ్బాయి కోసం ఒక గంట చేయగలదు. అడిగి చూడండి.

అర్థం కావడం గురించి దిగులు వద్దు. మీ అమ్మగారిని ఏడు చేపల కథ చెప్పమనండి. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్న గడ్డిమేటు దగ్గరకూ, ఆవు దగ్గరకూ, పాలేరు దగ్గరకూ తిరిగి తిరిగి చివరకు చీమ దాకా వెళుతుంది. ప్రతిసారీ ఒకే తీరు ప్రశ్న వస్తుంది కనుక మూడోసారికి భాష రాని పిల్లలు కూడా గొంతు కలుపుతారు. ఒక ఎండుచేప, ఒక గడ్డిపోచ చేతిలో ఉంటే ఇంకా మంచిది. తర్వాత ఒక ఒడియా నాయనమ్మ తన కథ చెబితే, మీ అబ్బాయి అదే విధంగా ఆ భాషను అందుకుంటాడు.

ప్రశ్న: మాది మేదరి కుటుంబం. నా భార్యను బడికి పిలిస్తే వెళ్లి బుట్ట అల్లి చూపించింది. ‘ఇది వీరి కులవృత్తి’ అని పిల్లలకు పరిచయం చేశారు. ఆ తర్వాత మా నాలుగేళ్ల పాపను తోటి పిల్లలు ‘బుట్టలదానా’ అని పిలుస్తున్నారు. మళ్లీ రమ్మంటున్నారు. వెళ్లాలా?
— రాయగడ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి

జవాబు: వెళ్లకపోయినా మీ తప్పేమీ ఉండదు. మీ భార్య చేసిన పనిలో గానీ బుట్టలో గానీ లోపం లేదు. పరిచయంలో వాడిన మాట వల్లనే ఇదంతా జరిగింది. నాలుగేళ్ల పిల్లలు కులాన్ని తమంతట తాము కనిపెట్టరు, పెద్దలు చూపించిన గీతనే చూస్తారు. ఉపాధ్యాయురాలిని పిల్లలెవరూ లేని వేళ కలిసి, ఏ మాట అన్నారో, ఆ మాట తర్వాత పాపను ఏమని పిలుస్తున్నారో యథాతథంగా చెప్పండి. ఆ మాట ఎక్కడిదాకా వెళ్లిందో చాలామందికి ఎవరైనా చెప్పేదాకా తెలియదు.

ఈ ఉత్తరం చదువుతున్న ఉపాధ్యాయులకు నేను చేసే విన్నపం ఇది. వచ్చిన మనిషిని ఆమె పేరుతోనూ, ‘మన పాప వాళ్ల అమ్మ’ అనీ పరిచయం చేయండి. పనికి కులం పేరు తగిలించకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరినీ వారి కులవృత్తి కోసమే పిలవకండి. కోమటి ఇంటి తల్లి కొట్టు గురించి, మేదరి ఇంటి తల్లి బుట్ట గురించి మాత్రమే చెబితే తరగతి గదిలో ఊరి వీధులనే మళ్లీ గీసినట్టు అవుతుంది. బాలవాడిలో ఒక గుమాస్తా తండ్రి వచ్చి పిల్లల చేత పూరీ పిండి ఒత్తించాడు. రోజంతా రాళ్లు కొట్టే ఒక తల్లి గొంతెత్తి జోలపాట పాడితే పక్క గది పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. బుట్టే అల్లించాలనుకుంటే, మిగిలిన పిల్లల తండ్రులను నలుగురిని పిలిచి ఆ తల్లి దగ్గర కూర్చోబెట్టి నేర్చుకోమనాలి. వెదురు బద్ద వారి వేళ్ల మధ్య జారిపోతుంటే, ఆ పనిలో ఎంత నేర్పు ఉందో పిల్లలకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఇక మీ ఇంటి సంగతి. నిర్ణయం మీ భార్యది, ఆమెతో పాటు మీ పాపది కూడా. ఈ రాత్రి అన్నం తినేటప్పుడు పాపను అడగండి: అమ్మ మళ్లీ మీ బడికి వస్తే ఏం చేస్తే బాగుంటుంది? వద్దంటే ఈ ఏడాదికి వదిలేయండి. పాట అన్నా, ఆట అన్నా, బుట్టే అన్నా, ఉపాధ్యాయురాలికి పాప మాటగానే చెప్పండి.