టెక్ సందేహాలు: పేరుకుపోయిన 640 కార్డులు, కిండిల్‌లో దాగిన మాటలు

ఈసారి ఫోన్ బ్యాటరీలు, వైఫై రౌటర్ల ప్రశ్నలు పక్కన పెట్టాను. ఇంగ్లిష్ పదసంపద పెంచుకోవడానికి ఏ యాప్ వాడాలి, ఎలా వాడాలి అని చాలామంది రాశారు. పరీక్షలు, ఉద్యోగాలు, విదేశీ ప్రయాణాలు వీటి మీదే ఆధారపడి ఉన్నాయి కాబట్టి అన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

సార్, జీఆర్‌ఈకి ప్రిపేరవుతున్నాను. ఫ్లాష్‌కార్డుల యాప్ ఆంకీలో ఎవరో తయారుచేసిన 1100 పదాల డెక్ (కార్డుల కట్ట) దించుకుని నెలన్నర పాటు రోజూ చదివాను. సెమిస్టర్ పరీక్షలొచ్చి మూడు వారాలు వదిలేశాను. ఇప్పుడు తెరిస్తే 640 కార్డులు రివ్యూకి ఉన్నాయి. యాప్ తెరవాలంటేనే టెన్షన్. పైగా బట్టీపట్టిన మాటలే ప్రాక్టీస్ టెస్టులో వస్తే తప్పు పెడుతున్నాను. వేరే యాప్‌కి మారమంటారా?
*– బీటెక్ ఫైనలియర్ విద్యార్థి, వరంగల్*

మారకండి. ఏ యాప్‌కి వెళ్లినా ఈ 640 మళ్లీ అక్కడా పేరుకుంటాయి.

ముందు ఆంకీ పనితీరు చూద్దాం. నేర్చుకున్నది మొదటి రోజుల్లో వేగంగా, తర్వాత మెల్లగా మరుపున పడుతుందని జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో రాశాడు. సరిగ్గా మరిచిపోబోయే వేళకు ఆ మాటను మళ్లీ అడిగితే అది ఇంకొంచెం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ వేళ ఎప్పుడో లెక్కగట్టే సూత్రాన్ని పోలండ్‌లో వోజ్నియాక్ 1987లో కంప్యూటర్‌కి ఎక్కించాడు. 2006లో వచ్చిన ఆంకీ ఆ దారిలోనిదే. ఆంకీ అంటే జపాన్ భాషలో కంఠస్థం చేయడమని అర్థం.

మామూలు సెట్టింగుల్లో రోజుకు 20 కొత్త కార్డులు, 200 రివ్యూలు ఉంటాయి. మీరు ఆ 200 పరిమితిని పెంచేసినట్టున్నారు, లేకపోతే 640 అంకె కనిపించదు. రోజుకు 20 కొత్త మాటలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ నిన్నటివి, మొన్నటివి, పోయిన వారానివి అన్నీ తిరిగొస్తాయి. కొన్ని వారాలకే రోజూ నూటయాభై, రెండు వందల కార్డులు తిప్పాల్సి వస్తుంది. ఇంజినీరింగ్ చదువుతూ అది ఎవరివల్లా కాదు. తప్పు మీ బద్ధకంలో లేదు, ఆ 20లో ఉంది.

ఈ రోజే డెక్ ఆప్షన్స్‌లోకి వెళ్లి కొత్త కార్డులను సున్నా చేయండి, రివ్యూలను 60కి దించండి. రెండు మూడు వారాల్లో బాకీ దారిలో పడుతుంది. అదే పేజీలో కింద ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే మీట ఉంటుంది, ఆన్ చేయండి. 23.10 వెర్షన్ నుంచి ఆంకీలో కలిసిన కొత్త లెక్క ఇది. మీరు ఏ కార్డు ఎప్పుడు మరిచిపోతున్నారో చూసి గడువులు వేస్తుంది. అక్కడ ‘డిజైర్డ్ రిటెన్షన్’, అంటే ఎంత శాతం గుర్తుండాలనేది, 0.90 ఉంటుంది. అంతా గుర్తుండాలని దాన్ని 0.97కి పెంచారంటే రివ్యూల వరద మళ్లీ మొదలవుతుంది.

ఇక మీ రెండో బాధ. నా దృష్టిలో ఇదే అసలుది. మీ డెక్ స్క్రీన్‌షాట్లు చూశాను. మిటిగేట్, అలీవియేట్, అమెలియరేట్... మూడు కార్డుల వెనకా ‘తగ్గించు, మెరుగుచేయు’ అని దాదాపు ఒకటే రాసుంది. ఆ కార్డుతో మీకు మాట తెలిసినట్టు అనిపిస్తుంది తప్ప తెలియదు. 2011లో జీఆర్‌ఈ మారినప్పుడు వ్యతిరేకార్థాలు, అనాలజీలు పోయాయి. ఇప్పుడు మాటను వాక్యంలో పెట్టే అడుగుతారు. ఒక ఖాళీకి ఆరు మాటలిచ్చి, ఒకే భావం వచ్చే రెండింటిని ఎంచమంటారు. ‘తగ్గించు’ అనే ఒక్క ముక్క అక్కడ చాలదు.

ఆ మూడు మాటల పుట్టుక చూడండి. మిటిగేట్‌లో ఉన్నది ‘మెత్తని’ అనే అర్థమిచ్చే లాటిన్ మాట. దెబ్బ తగులుతుంది, కానీ దాని వాడి తగ్గుతుంది. అందుకే వరద నష్టాన్ని, రిస్కును మిటిగేట్ చేస్తారు. అలీవియేట్‌లో ఉన్నది ‘తేలిక’. నొప్పి, పేదరికం, ట్రాఫిక్ రద్దీ లాంటి బరువులను దించడం. అమెలియరేట్‌లో ఉన్నది ‘మెరుగు’. పాడైన పరిస్థితిని బాగుచేయడం. మెత్తబరచు, తేలికపరచు, మెరుగుపరచు అని మన తెలుగులో ఎంత శుభ్రంగా విడివిడిగా ఉన్నాయో చూశారా! తెలుగు అర్థం రాసుకోవడం తప్పు కాదు, మూడింటికీ ఒకే తెలుగు అర్థం రాసుకోవడం తప్పు.

కాబట్టి కార్డు మీరే చేసుకోండి. ఆంకీడ్రాయిడ్‌లో (ఆండ్రాయిడ్ ఫోన్లలోని ఆంకీ) కొత్త కార్డు తెరిచి రకం దగ్గర ‘క్లోజ్’ (Cloze, ఖాళీ పూరించే రకం) ఎంచుకోండి. మీరు ప్యాసేజీలో చదివిన వాక్యాన్నే ఉన్నదున్నట్టు ఎక్కించండి. ఉదాహరణకు: ‘ద న్యూ ఎంబాంక్‌మెంట్ విల్ మిటిగేట్ ద డామేజ్ ఫ్రమ్ ఫ్లడ్స్.’ మిటిగేట్ మీద వేలు పెట్టి ఎంచుకుని, చుక్కలున్న బ్రాకెట్ బటన్ నొక్కితే అది ఖాళీ అవుతుంది. వెనక వైపు: ‘వాడి తగ్గించడం, పూర్తిగా పోగొట్టడం కాదు.’ అంతే. కార్డు చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లోనే సగం నేర్చుకోవడం అయిపోతుంది. బాకీ తీరాక ఇలాంటివి రోజుకు అయిదు చాలు. ఆరు నెలలకు 900 మాటలవుతాయి. పాత డెక్‌లో మళ్లీ మళ్లీ తప్పుతున్న కార్డులను సస్పెండ్ చేసేయండి. ఆ మాట ఎక్కడైనా చదువుతూ ఎదురైనప్పుడు సొంత కార్డుగా చేసుకోవచ్చు.

కిండిల్‌లో ఇంగ్లిష్ నవలలు చదువుతాను. తెలియని మాట మీద వేలు పెడితే అర్థం వస్తుంది కానీ పేజీ తిప్పేసరికి మరిచిపోతున్నాను. ఒక్కో పేజీలో పది సార్లు ఆగుతుంటే కథ కూడా సాగట్లేదు.
*– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్*

మీరు వేలు పెట్టిన మాటలు ఎక్కడికీ పోలేదండీ. కిండిల్ మెనూలో ‘వొకాబులరీ బిల్డర్’ తెరవండి. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే మీరు అర్థం చూసిన మాటలు, అవి వచ్చిన వాక్యాలతో సహా అక్కడ ఉంటాయి. ఏ పుస్తకంలోదో కూడా చూపిస్తుంది. ఫ్లాష్‌కార్డులుగా తిప్పుకోవచ్చు, వచ్చేసిన మాటను ‘మాస్టర్డ్’లోకి నెట్టేయవచ్చు. కిండిల్ వాడేవాళ్లలో ఎందరికో ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. పైన వరంగల్ విద్యార్థి కష్టపడి చేసుకోవాల్సిన వాక్యాల కార్డు మీకు వేలు పెట్టగానే తయారైపోతోంది.

మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. కిండిల్‌ను యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి, దాచిన ఫోల్డర్లు కనిపించేలా పెట్టుకుంటే ‘సిస్టమ్’ ఫోల్డర్‌లో ‘వొకాబులరీ’, అందులో వొకాబ్ డాట్ డీబీ అనే ఫైలు ఉంటుంది. అది మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేస్. మాటల పట్టిక, వాక్యాల పట్టిక విడివిడిగా ఉంటాయి. రెండిటినీ కలిపి సీఎస్‌వీగా తీస్తే నేరుగా ఆంకీలోకి ఇంపోర్ట్ అవుతుంది. ఒరిజినల్ ఫైలును ముట్టుకోకుండా కాపీ మీద పని చేయండి.

కథ ఆగిపోవడం గురించి: మాట తెలియకపోయినా వాక్యం అర్థమైతే ఆగకండి. అదే మాట రెండోసారి ఎదురైనప్పుడు వేలు పెట్టండి. రెండుసార్లు కనబడిన మాట మూడోసారీ కనబడుతుంది, దాన్ని నేర్చుకుంటే లాభం. నవల ముందు నవలగా సాగాలి.

సార్, నేను హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. పిల్లలకు ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు యాప్ ఏది చెప్పాలి? ప్లేస్టోర్‌లో ఉన్నవాటిలో అర్థాలు చిత్రంగా ఉంటున్నాయి, ప్రకటనలూ ఎక్కువ.
*– ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు*

ఆ యాప్‌లలో చాలావాటి అర్థాలు యంత్రానువాదాలే సార్. వాటికన్నా ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన ఎన్నో రెట్లు మేలు. ఒక మాట కొడితే అనేక నిఘంటువుల్లోని అర్థాలు ఒకే పేజీలో వస్తాయి, ఉచితం. మీ కడపలో ఉండి పనిచేసిన సీపీ బ్రౌన్ నిఘంటువూ అందులో ఉంది. బ్రౌన్ నిఘంటువులు 1850లలో మద్రాసులో అచ్చయ్యాయి. ఆయన ఇచ్చే తెలుగు మాటల్లోని జీవం ఇప్పటికీ తగ్గలేదు. కాకపోతే ఆయన తర్వాత పుట్టిన ఇంగ్లిష్ మాటలు, మారిన అర్థాలు అందులో దొరకవు. అందుకే పక్కన ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ వెబ్‌సైటు కూడా తెరిచి పెట్టుకోమనండి. నేర్చుకునేవాళ్ల కోసం రాసింది కాబట్టి వివరణ సులువైన మాటల్లో ఉంటుంది, పక్కనే వాక్యాలుంటాయి. ముఖ్యమైన మాటల పక్కన ఏ1 (సులువైనవి) నుంచి సీ1 (కష్టమైనవి) దాకా స్థాయి రాసి ఉంటుంది. పిల్లవాడు బీ1 మాటలు రాకుండానే సీ1 మాటల వెంట పడుతున్నాడేమో మీకు ఇట్టే తెలుస్తుంది.

ఒక సరదా పాఠం కూడా చేయించవచ్చు. తెలుగులో రోజూ వాడే ఇంగ్లిష్ మాటలను డిక్షనరీలో వెతకమనండి. ‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకు నొచ్చుకున్నాడని. ‘డౌట్ ఉంది సార్’ అంటే అడగాల్సిన ప్రశ్న ఉందని. ఇంగ్లిష్‌లో డౌట్ అంటే నమ్మకం కుదరకపోవడం. ‘లోన్ శాంక్షన్ అయింది’ అంటే మంజూరైంది. అదే శాంక్షన్ ఒక దేశం మీద పెడితే ఆంక్ష! ఒకే మాటకు రెండు ఎదురెదురు అర్థాలు. తమకు వచ్చనుకున్న మాటలోనే ఇంత ఉందని తెలిసిన పిల్లలు, కొత్త మాటను చూసే తీరే వేరుగా ఉంటుంది.

నర్సుగా పనిచేస్తున్నాను. ఐఈఎల్‌టీఎస్ రాయాలి. మాట రాయడం వస్తుంది, పలకడం రాదు. కొన్నిసార్లు స్పెల్లింగూ పోతోంది. ఐఫోన్‌లో ఆంకీ డబ్బులు అడుగుతోంది.
*– రాజమహేంద్రవరం*

పలకడానికి యూగ్లిష్ అనే వెబ్‌సైటు చూడండమ్మా. మాట కొడితే, యూట్యూబ్ వీడియోల్లో ఎవరెవరు ఆ మాట పలికారో సరిగ్గా ఆ క్షణం నుంచి వినిపిస్తుంది. బ్రిటిష్, అమెరికన్, ఆస్ట్రేలియన్ అని విడిగా ఎంచుకోవచ్చు. డిక్షనరీలో ఒంటరిగా వినే ఉచ్చారణ కన్నా, మనుషులు మాటల మధ్యలో పలికేది వింటే నాలుక తిరుగుతుంది. పది గొంతులు వినండి, ప్రతిదాని తర్వాతా పైకి అనండి.

స్పెల్లింగ్‌కి ఆంకీలో ‘టైప్ ఇన్ ద ఆన్సర్’ అనే కార్డు రకం ఉంది. జవాబు కొట్టాక తప్పిన అక్షరం రంగులో చూపిస్తుంది. కీబోర్డు సలహాలు ఆపేసి వాడండి.

ఐఫోన్ యాప్‌కి డబ్బు కట్టాలి, నిజమే. ఆండ్రాయిడ్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉచితం. ఐఫోన్‌లోనే కావాలంటే బ్రౌజర్‌లో ఆంకీవెబ్ తెరిచి ఉచితంగా చదువుకోవచ్చు. ఆంకీ పేరు పెట్టుకుని నెలనెలా చందా అడిగే సంబంధం లేని యాప్‌లు ఉన్నాయి, వాటి జోలికి పోకండి.

మీ పరీక్షలో రైటింగ్‌కి, స్పీకింగ్‌కి నాలుగేసి కొలమానాలున్నాయి. పదసంపద అందులో ఒకటి, నాలుగో వంతు. తెలిసిన మాటను సరైన చోట పెట్టడానికీ అక్కడ విలువుంది. అరుదైన మాటను తప్పుగా వాడితే నష్టమే.

చాట్‌జీపీటీ ఉండగా ఈ కార్డులు, డిక్షనరీలు ఎందుకు? రోజూ పది పదాలు, వాక్యాలు అదే ఇస్తుంది. గ్రూప్-1 వ్యాసాలకు అది చాలదా?
*– విజయవాడ*

అది ఇచ్చిన వాక్యాలు మీ కళ్లముందు నుంచి వెళ్లిపోతాయి. మీరు రాసిన వాక్యం దానికివ్వండి. ‘ఈ మాట ఇక్కడ నప్పిందా, ఇంగ్లిష్ పత్రికలో అయితే ఏం రాస్తారు?’ అని అడగండి. అలా వాడితే ఇంతకాలం డబ్బున్నవాళ్లకే దొరికిన ట్యూషన్ మాస్టారు మీ ఫోన్‌లో ఉన్నట్టే. కానీ మాట పుట్టుక గురించి, సూక్ష్మమైన తేడాల గురించి అది ఎంత ధీమాగా చెప్పినా డిక్షనరీలో ఒకసారి సరిచూసుకోండి. లేనిది ఉన్నట్టు అల్లగలదు.

ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో చూడడానికి కోకా అనే అమెరికన్ ఇంగ్లిష్ కార్పస్ ఉంది. వంద కోట్లకు పైగా మాటల రాశి. ఉచితంగా పేరు నమోదు చేసుకుని వెతకవచ్చు. జోరు వానకు ‘హెవీ’, చిక్కటి టీకి ‘స్ట్రాంగ్’ అని ఎందుకంటారో వ్యాకరణం చెప్పదు. వందల వాక్యాలు వరసగా చూస్తే చెవికి పడుతుంది.

మీరు పంపిన వ్యాసంలోని ఒక వాక్యం: ‘ద ఫ్లైఓవర్ అమెలియరేటెడ్ ద ట్రాఫిక్.’ చాట్‌బాట్ దీన్ని మెచ్చుకుందని రాశారు. వాక్యం బాగుందా అని అడిగితే మెచ్చుకునే అలవాటు దానికి ఎక్కువ, తప్పులు పట్టమని అడగాలి. ఫ్లైఓవర్ చేసింది రద్దీ బరువు దించడం. కాబట్టి ఇక్కడ కావలసిన మాట అలీవియేట్, దాని పక్కన ఒట్టి ట్రాఫిక్ కాదు, ట్రాఫిక్ కంజెషన్. మార్చి రాసి, ఆ వాక్యంతోనే మీ మొదటి కార్డు చేసుకోండి.