డాక్టరుగారికి బాయిలో ఏం పని?

ప్రశ్న: మా నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. గనుల పని మీద పేరున్న పాత పుస్తకం రాసింది అగ్రికోలా అనే జర్మన్ డాక్టరని ఎక్కడో చదివాను. డాక్టరుకి బాయిలతో, అంటే గనులతో, ఏం పనండీ? – ఒక పాఠకురాలు, కొత్తగూడెం

జవాబు: మందుల కోసం పడిందమ్మా ఆ పని. 1494లో సాక్సనీలోని గ్లౌఖౌలో పుట్టిన ఈయన అసలు పేరు గేయోర్గ్ బావర్. బావర్ అంటే రైతు. చదువుకున్నవాళ్లు పేరు లాటిన్‌లోకి మార్చుకోవడం అప్పటి ఫ్యాషన్, రైతుగారు కాశీ వెళ్లి చదువుకొచ్చి కృషీవలుడని బోర్డు పెట్టుకున్నట్టు! అలా అగ్రికోలా అయ్యాడు. మొదట బడిపంతులు. గ్రీకు చెప్పాడు, లాటిన్ వ్యాకరణం రాశాడు, తర్వాత వైద్యం మీదకి మనసు పోయి ఇటలీ వెళ్లి, వెనిస్‌లో ఆల్డస్ అచ్చుకూటంవాళ్లు గాలెన్ అనే ప్రాచీన వైద్యుడి గ్రీకు గ్రంథాలు అచ్చేస్తుంటే ఆ పనిలో చెయ్యి వేశాడు.

చిక్కు అక్కడే ఉంది. పాత గ్రంథాల్లో ఈ పుండుకి ఫలానా రాయి, ఆ కంటిజబ్బుకి ఫలానా మన్ను అని ఉంటుంది, తీరా ఆ రాయి ఏదంటే పుస్తకాలు బట్టీపట్టిన డాక్టర్లకే తెలీదు. 1527లో బొహీమియాలోని యోకిమ్స్‌తాల్‌లో ఊరి డాక్టరుగా చేరాడు (ఇప్పుడది చెక్ దేశంలో ఉంది, పేరు యాఖిమోవ్). వెండి పడి పదేళ్లయిన ఊరు, వేలమంది జనం. రోగుల్ని చూడగా మిగిలిన టైమంతా బాయిల దగ్గర, కొలిముల దగ్గర పనివాళ్లతో మాట్లాడుతూ గడిపాడు. 1530లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం ‘బెర్మానస్’లో మాట్లాడుకునేది ముగ్గురు, ఇద్దరు డాక్టర్లు, ఒక గనిమనిషి. పాఠం చెప్పేది గనిమనిషి! నాకు ఆయన నచ్చింది ఇందుకే, లాటిన్, గ్రీకు అంత చదివినవాడు మీకు తెలిసింది నాకు చెప్పండని అడిగాడు చూడండి.

మీరడిగిన పెద్ద పుస్తకం ‘డే రే మెటాలికా’. నాన్నగారికి ఇది చదివి వినిపించండి. అందులో మూడు షిఫ్టులున్నాయి, ఒక్కోటి ఏడు గంటలు, ఫస్ట్ షిఫ్ట్ తెల్లవారుజామున నాలుగింటికి మొదలు. రాత్రి షిఫ్టువాళ్లు నిద్ర పట్టకుండా పాటలు పాడుకునేవాళ్లట. ఆ పక్కనే డాక్టరు బుద్ధి కూడా కనిపిస్తుంది. నీళ్లు లేని పొడిబాయిల్లో దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయాసం, క్షయ తెస్తుందని రాసి, కార్పాతియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తల్ని పెళ్లాడిన ఆడవాళ్లున్నారని ఒక్కమాట చేర్చాడు, ఏడుగురినీ ఆ జబ్బే తీసుకుపోయింది. అది చదివాక నేను కాసేపు పుస్తకం మూసేశాను. ముఖానికి వదులుగా గుడ్డ కట్టుకోండి, మోచేతుల దాకా తొడుగులు వేసుకోండి అని సలహాలిచ్చాడు, లోపలికి గాలి ఆడించే యంత్రాల్ని బొమ్మలు గీయించి మరీ చూపించాడు.

ఆ బొమ్మల కోసమే ఆలస్యమైంది కూడా. దాదాపు మూడు వందల చెక్క అచ్చులు చెక్కాలి మరి. 1556లో పుస్తకం బాసెల్‌లో బయటికొచ్చేనాటికి ఆయన పోయి నాలుగు నెలలు. 1555 నవంబరులో కెమ్నిట్స్‌లో చనిపోయాడు. ఆ ఊరికి మేయర్‌గా చేసినవాడే, అయినా ఊరంతా పోప్‌ని ఎదిరించిన మార్టిన్ లూథర్ వైపు వెళ్లిపోగా ఈయన క్యాథలిక్‌గానే ఉండిపోయాడని అక్కడ పాతిపెట్టనివ్వలేదు, శవాన్ని త్సైట్స్ అనే ఊరి దాకా మోసుకెళ్లాల్సి వచ్చింది. 1912లో ఈ పుస్తకాన్ని ఇంగ్లీషు చేసింది హెర్బర్ట్ హూవర్, లూ హూవర్ దంపతులు, ఆ మైనింగ్ ఇంజనీరే తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

ప్రశ్న: డాలర్‌కి, ఈ డాక్టరు పనిచేసిన ఊరికి సంబంధం ఉందా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉంది. యోకిమ్స్‌తాల్ వెండితో కొట్టిన నాణెం యోకిమ్స్‌తాలర్, నోరు తిరక్క తాలర్ అయింది, అదే డాలర్. డాక్టరుగారికి అందులో వాటా లేదు గానీ ఒక వెండిగనిలో మాత్రం షేర్లుండేవి!

ప్రశ్న: మా ఊళ్లో బోరు పాయింటు వేపపుల్లతో చూస్తారు. గనులకీ అలా చూసేవాళ్లా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బ్రహ్మాండంగా చూసేవాళ్లు, పంగలకర్ర పట్టుకుని కొండల మీద తిరిగేవాళ్లు. ఆ బొమ్మ కూడా ఆయన పుస్తకంలో ఉంది. అయితే బుద్ధిగా పనిచేసే గనిమనిషికి మంత్రాల పుల్లతో పనిలేదు, నేల గుర్తులు చూసుకోవాలని తేల్చేశాడు. ఇంత తెలివిగా రాసినాయన అదే పుస్తకంలో, బాయిలు మూతపడే కారణాల్లో విషగాలితో పాటు దయ్యాల్ని కూడా లెక్కేసి, ప్రార్థన, ఉపవాసంతో అవి పోతాయన్నాడు. పుల్లని నమ్మలేదు, దయ్యాన్ని నమ్మాడు, ఏంచేస్తాం!