మూడో ఏడాది ఉంటే మొదటి రెండేళ్ల పన్నూ కట్టాలి

ప్రశ్న: మాది హనుమకొండ. 2025 సెప్టెంబరులో జే-1 వీసా మీద మొదటిసారి అమెరికా వచ్చాను. హ్యూస్టన్‌లోని ఒక యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ చేస్తున్నాను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు వాడే టార్గెటెడ్ మందులు కొంతకాలానికి ఎందుకు పనిచేయకుండా పోతాయన్నది నా పరిశోధన. ఏడాదికి 64,000 డాలర్ల జీతం. ఇండియాతో ఒప్పందం వల్ల పన్ను పడట్లేదు. అపాయింట్‌మెంట్ రెండేళ్లకే ఇచ్చారు, పొడిగిస్తామని ప్రొఫెసర్ అంటున్నారు. నెలకు 1,200 డాలర్లు మిగులుతున్నాయి. యాదగిరిగుట్ట వైపు ఫార్మ్ ప్లాట్‌కు వాయిదాలు కట్టమని అన్నయ్య అంటున్నాడు. కట్టొచ్చా?

జవాబు: కట్టొద్దు. ఆ 1,200లో పెద్ద భాగం మీ డబ్బు కాకపోవచ్చు.

భారత్–అమెరికా పన్ను ఒప్పందంలోని 22వ ఆర్టికల్ ప్రకారం, యూనివర్సిటీలో బోధనకో పరిశోధనకో వచ్చినవారి జీతం మీద రెండేళ్ల వరకు ఫెడరల్ పన్ను ఉండదు. చాలామందికి ఇంతవరకే తెలుసు. బస రెండేళ్లు దాటితే మినహాయింపు అక్కడితో ఆగిపోదు, వచ్చిన రోజు నుంచీ రద్దవుతుంది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ తన 901 నంబరు ప్రచురణలో ఈ సంగతి రాసే ఉంచింది. మీ ల్యాబ్‌లో చైనా నుంచి వచ్చినవాళ్ల ఒప్పందం వేరు. వాళ్లకు ఏమీ కాలేదు కదా అని ధైర్యంగా ఉండకండి.

మీ జీతానికి లెక్క వేశాను. ఇండియా నుంచి వచ్చిన జే-1 పరిశోధకులకు నాన్-రెసిడెంట్‌గా, అంటే పన్ను లెక్కల్లో అమెరికా నివాసి కానివారిగా, ఉన్నంతకాలం స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడకుండా తీసేసే స్థిర మొత్తం) రాదు. కాబట్టి 2025 చివరి నాలుగు నెలలకు సుమారు 2,300 డాలర్లు, 2026కు సుమారు 8,800 డాలర్ల పన్ను తేలుతుంది. ఆలస్యానికి వడ్డీ అదనం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేకపోవడం ఒక్కటే ఊరట.

మీ పని రెండేళ్లలో తెమిలేది కాదు. ఓసిమెర్టినిబ్ లాంటి మందుకు లొంగని కణాలు కావాలంటే మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ నెలల తరబడి వాటిని సాకాలి. అవి తప్పించుకున్న దారి సీ797ఎస్ అనే మ్యుటేషనా, మెట్ అనే జన్యువు కాపీలు పెరగడమా, మరొకటా అని తేల్చాలి. ఆపైన ఎలుకల్లో, రోగుల నమూనాల్లో సరిచూసుకోవాలి. ఇంత అవసరమైన పరిశోధనను పన్నుకు భయపడి సగంలో వదిలి రమ్మని నేను చెప్పను. ఉండండి, పేపర్ పూర్తి చేయండి. ఆ మూడో ఏడాదికి అయ్యే ఖర్చును మాత్రం ఇప్పటి నుంచే పోగు చేయండి.

ఈ వారమే యూనివర్సిటీలో విదేశీయుల పన్నులు చూసే విభాగానికి వెళ్లండి. పన్ను మినహాయింపు కోసం మీరిచ్చిన ఫారం 8233ను వెనక్కి తీసుకుంటానని, ఇకపై జీతంలోనే పన్ను కోయమని అడగండి. ఏ కారణంతోనైనా రెండేళ్లలోపే తిరిగి వచ్చేస్తే, రిటర్న్ వేసి ఆ డబ్బు వాపసు తెచ్చుకోవచ్చు. కోత మొదలయ్యేదాకా నెలకు 750 డాలర్లు విడిగా హై-యీల్డ్ సేవింగ్స్ ఖాతాలో వేయండి. పొడిగింపు ఖాయమవగానే ఇలాంటి కేసులు చూసిన సీపీఏతో (అక్కడి లైసెన్సు ఉన్న అకౌంటెంట్‌తో) 2025 రిటర్న్‌ను 1040-ఎక్స్ అనే ఫారం ద్వారా సవరించండి. ఎంత త్వరగా చేస్తే వడ్డీ అంత తగ్గుతుంది.

ఇంకోటి. జే-1 పరిశోధకులకు నాన్-రెసిడెంట్ హోదా రెండు క్యాలెండర్ సంవత్సరాలే. మీరు నాలుగు నెలలే ఉన్నా 2025 ఒక ఏడాదిగా లెక్కకొచ్చేసింది. 2027 జనవరి నుంచి మీరు రెసిడెంట్ అవుతారు, ఇప్పటివరకు లేని సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత కింద 7.65 శాతం, అంటే నెలకు 400 పైగా పోతుంది. రెసిడెంట్‌గా స్టాండర్డ్ డిడక్షన్ వచ్చి పన్ను కొంత తగ్గినా, మీకు నిజంగా మిగిలేది ఇప్పుడు 450, అప్పుడు 330 డాలర్ల దగ్గర.

దాన్ని ముందు మూడు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ చేయండి. జే-1లో ఉద్యోగం పోతే వీసాకూ ఇబ్బందే. ఆ తర్వాత అమ్మానాన్నలకు హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే అది తీసుకోండి.

ఇక ప్లాట్. ఫార్మ్ ప్లాట్ల పేరుతో అమ్మేవి చాలావరకు రికార్డుల్లో వ్యవసాయ భూములే. విదేశీ మారక ద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ఎన్నారైలు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనకూడదు. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే వెంటనే వెనక్కి అడగమని అన్నయ్యకు చెప్పండి. ఇండియాలో మ్యూచువల్ ఫండ్ సిప్‌లు ఉంటే 2027 రాకముందే ఆపండి, రెసిడెంట్ అయ్యాక వాటి మీద అమెరికా పన్ను చాలా కఠినంగా ఉంటుంది. హనుమకొండ బ్యాంకులోని మీ సేవింగ్స్ ఖాతాను కూడా ఎన్ఆర్ఓగా, అంటే ఎన్నారైలకుండే రూపాయి ఖాతాగా, మార్పించుకోండి.