బడి బందైనప్పుడు ఇంటికి కబురు ఎట్లా చేరాలె?

ప్రశ్న: దేవరకొండ దిక్కు హైస్కూల్లో తొమ్మిదో తరగతి టీచర్‌ను. బడి బందై పాఠాలు ఫోన్ల మీద, టీవీల మీద నడిచినప్పుడల్లా వాట్సాప్ గ్రూపులో ఏది పెట్టినా 48 మందిలో పది ఇండ్ల నుంచి కూడా జవాబు రాదు. తల్లిదండ్రులకు పట్టింపు లేదనుకోవాల్నా?

జవాబు:

పట్టింపు లేక కాదు మేడం, ఆ కబురు వాళ్ల చెవిన పడుతలేదు. ముందు ఇది చూడండి: గ్రూపులో మీరు పెట్టిన మెసేజీ మీద వేలు ఒత్తిపట్టి వివరాలు తెరిస్తే ఎవరు చూసిండ్రు, ఎవరికి చేరింది అని రెండు జాబితాలు వస్తయి. మూడు రోజులైనా రెంట్లోనూ కనబడని నంబర్ల సంగతే ముందుగాల తేల్చాలె. ఆ ఫోన్లో డాటా అయిపోయి ఉంటది, లేకుంటే సిమ్మే మారి ఉంటది.

అడ్మిషన్ రిజిస్టర్లో రాసిన నంబరును నమ్ముకోవద్దు. 28 రోజుల రీచార్జి అయిపోతే పాత సిమ్ము పక్కన పడేసి కొత్తది తీసుకునే ఇండ్లు మస్తుగున్నయి. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి పిల్లకో వరుస రాయండి. గళ్లు ఆరు: నంబరు, ఆ ఫోన్ ఎవరిది, బటన్ ఫోనా టచ్ ఫోనా, అది ఇంట్లో ఎప్పుడుంటది, ఇంట్లో తెలుగు చదివేదెవరు, పక్కింటోళ్లదో చుట్టాలదో ఇంకో నంబరు. నింపిన వరుస ఇట్లుంటది: "ఫోన్ అన్నది. టచ్. ఆటో నడుపుతడు, పొద్దుగాల 7కు తీస్కపోతడు, రాత్రి 8కి వస్తడు. చదివేది అక్క." ఈ ఒక్క వరుస చూస్తే పదింటికి పంపే క్లాసు లింకు ఆ పిల్లకు ఎందుకు అందుతలేదో తెలిసిపోతది. రాత్రి 8:15కు ఫోన్ చేస్తే మాత్రం అందరూ దొరుకుతరు. 48 ఇండ్లకు అయిదేసి నిమిషాలంటే నాలుగు గంటలు. ఇద్దరు టీచర్లు పంచుకుంటే రెండు సాయంత్రాల పని.

వేళ పంట చెప్తది, మన టైమ్ టేబుల్ కాదు. పత్తి ఏరే రోజుల్లో తల్లులు పొద్దుగాల పోయి చీకటి పడ్డంక వస్తరు, అప్పుడు రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్యనే మాట్లాడాలె. ఎండకాలం ఉపాధి హామీ పనికి పోయినోళ్లు తొందరగ వస్తరు కాబట్టి పగలు ఒంటిగంటకు దొరుకుతరు.

ఇగ ఏం పంపాలన్నది. ఇంగ్లిష్ సర్క్యులర్‌ను పీడీఎఫ్ చేసి పంపుడు ముందు ఆపెయ్యండి. తెలుగులో రాసినా చదవలేని తల్లులున్నరు. వాయిస్ మెసేజీయే మేలు. నిమిషం మాటకు 200 కేబీ కూడా కాదు, అదే నిమిషం వీడియో అయితే కొన్ని ఎంబీలు తింటది, నిండిన ఫోన్లో తెరుచుకోనే తెరుచుకోదు. నలబై సెకన్లు, ఒక్కటే విషయం:

"తొమ్మిదో తరగతి పిల్లల అమ్మానాన్నలకు నమస్తే. లెక్కల టీచర్‌ను మాట్లాడుతున్న. రేపు బుధవారం పదిన్నరకు టీవీల లెక్కల పాఠం వస్తది. అర్ధగంట పిల్లను టీవీ కాడ కూసోనియ్యండి, వేరే పని చెప్పకండి. పాఠం అయినంక మూడు లెక్కలు నోట్‌బుక్ల చెయ్యాలె. మళ్ల చెప్తున్న, రేపు బుధవారం, పదిన్నరకు."

తరగతి పేరు మొదట్లోనే రావాలె. ఒక్క ఫోన్ మీద ముగ్గురు పిల్లలుంటే మూడు తరగతుల కబుర్లు కలిసిపోతయి. తారీఖు కంటే వారం పేరు గుర్తుంటది. 2020 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ పాఠాల చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలైనప్పుడు కూడా ఇంటికి తప్పక చేరాల్సింది ఈ ముక్కే: ఏ తరగతికి, ఏ చానల్లో, ఎన్నింటికి.

బటన్ ఫోన్లకు ఎస్సెమ్మెస్ చాలనుకోకండి. తెలుగు లిపిలో ఒక మెసేజీకి 70 అక్షరాలే పడతయి, ఒత్తులు, గుణింతాలు కూడా అండ్లనే లెక్క. దాటితే ముక్కలై ఖర్చు రెండింతలైతది. అసలు ఆ మెసేజీలు తెరిచేటోళ్లే తక్కువ. వాళ్లకు ఫోనే చెయ్యాలె.

గ్రూపులో అడ్మిన్లే రాసేటట్టు పెట్టండి, లేకుంటే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద మీ కబురు మునిగిపోతది. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే మీ నంబరు సేవ్ చేసుకున్నోళ్లకే పోతదని మరువకండి. ఆడపిల్లల సొంత నంబర్లు గ్రూపులో చేర్చొద్దు, అందరికీ కనబడతయి. ఫీజు బాకీలు, మార్కులు, రానోళ్ల పేర్లు అందరి ముందు పెట్టొద్దు. ఒక్కసారి తలవంపులైతే ఆ ఇల్లు గ్రూపు నుంచి బయటికి పోతది, మళ్ల మీ ఫోన్ కూడా ఎత్తరు.

జవాబు కోసం "సరే అని రాయండి" అంటే లాభం లేదు. పాఠం చూసినంక మిస్డ్ కాల్ ఇయ్యమనండి, రిజిస్టర్లో టిక్కు పెట్టండి. రీచార్జి అయిపోయినోళ్లకు కాల్ బయటికే పోదు. కాబట్టి మిస్డ్ కాల్ రాలేదంటే చూడలేదని రాసుకోవద్దు, పక్కింటి నంబరుకు చేసి అడగండి.

తండాల్లో ఇంట్లో మాట లంబాడీ. అదే తండాలో ఇంటర్ చదివే పిల్లతోని అదే కబురు లంబాడీల చెప్పించి రికార్డు చేసి పంపితే ముసలోళ్లు కూడా వింటరు. నల్లమల దిక్కు పెంటలల్ల, అంటే చెంచుల గూడేలల్ల, సిగ్నలే దొరకదు, అక్కడ వారానికొక వర్క్‌షీట్ల కట్ట, పంచాయతీ మైకు, అంగన్‌వాడీ టీచరే దారి. పాలమూరు నుంచి ముంబైకి, పూణెకు వలస పోయిన ఇండ్లల్ల పిల్ల నాయనమ్మ కాడ ఉంటది. వాయిస్ నాయనమ్మ నంబరుకూ, వలస పోయిన తల్లిదండ్రుల నంబరుకూ పంపండి. రాత్రి ఫోన్ చేసినప్పుడు పాఠం చూసినవా అని తండ్రే అడుగుతడు.

బడి నుంచి ఫోనంటే ఫిర్యాదే అని భయపడతరు. మొదటి మాటే "కంప్లైంట్ ఏం లేదమ్మా, పిల్ల ఎట్లుందని చేసిన" అనండి. తర్వాత రెండే అడగండి: టీవీ నడుస్తుందా, పొద్దున పిల్ల ఎక్కడుంటుంది. రెండోదానికి "చేనుకాడికి వస్తది" అన్నరంటే తిట్టకండి, సాయంత్రం చేసేటట్టు పని ఇయ్యండి.

ఒకటి మాత్రం ఫోన్ మీద తేల్చుకోవద్దు. ఆడపిల్ల రెండు వారాలు ఏ నంబరుకూ దొరకకుంటే ఇంటికే పోండి, ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను వెంట తీస్కొని. కూలికి పంపిండ్రా, పెండ్లి మాటలు నడుస్తున్నయా కండ్లతోని చూస్తే తెలుస్తది. పెండ్లి అని తెలిస్తే ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.