ఎసరు నీళ్లు ఎక్కడివి అని అడిగాకే మా ప్రపోజల్ నిలబడింది

మీరు ఎమ్మే సోషియాలజీ చదువుతున్నారు, తాగునీళ్లు, ఆరోగ్యం, జనం అలవాట్లు మూడూ కలిపి ఒక పరిశోధన ప్రపోజల్ రాయాలి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గైడ్ దగ్గరికి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉందన్నారు. నాది జియాలజీ. 2016 చివర్లో, ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో, సోషియాలజీ చదివే ఫ్రెండ్‌తో కలిసి, నల్గొండ బోరు నీళ్లలో ఎక్కువగా ఉండి పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ మీద దాదాపు ఇలాంటిదే రాశాను. మొదటిసారి తిప్పి పంపారు. ఎందుకు పంపారో చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

అందులో నా వంతు 40 బోర్ల నీళ్లు, తన వంతు 100 ఇళ్ల సర్వే. నా బోర్లు రాళ్ల మ్యాపు చూసి ఎంచుకున్నవి, తన ఇళ్లు ఓటర్ల లిస్టు చూసి ఎంచుకున్నవి. చదవడానికి బాగానే ఉంది, పాతిక పేజీలు వచ్చింది. కమిటీలో ఒక మేడం మాత్రం ఒకే ప్రశ్న అడిగారు: "ఈ అబ్బాయి కొలిచిన అంకె, ఆ అమ్మాయి రాసుకున్న జవాబు, రెండూ ఒకే వరసలో ఎక్కడ పడతాయి?" ఎక్కడా పడవు. నేను కొలిచిన బోరు నీళ్లు తను మాట్లాడిన ఇంట్లో ఎవరూ తాగరు. రెండు ప్రపోజల్స్ కలిపి పిన్ను కొట్టాం, అంతే.

అందుకే అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది రెండు సబ్జెక్టులూ ఏ ఒక్క వస్తువు దగ్గర కలుస్తాయి అన్నది. జియాలజీ వాడికి లెక్క బోరుతో, సోషియాలజీ వాళ్లకు ఇంటితో, డాక్టరుకు మనిషితో. ఈ మూడింట్లో ఒకటి ఎంచుకుని మిగతా వాళ్లు దానికి తగ్గట్టు సర్దుకోవాలి. అది తేలకుండా లిటరేచర్ రివ్యూ మొదలుపెడితే నెలలు గడుస్తాయి, ఎంత చదివినా ఇంకా చదవాల్సింది కనిపిస్తూనే ఉంటుంది.

మాకు అది లైబ్రరీలో తేలలేదు. నల్గొండ జిల్లాలోనే మర్రిగూడ వైపు ఒక ఊరికి ఊరికే చూసొద్దామని వెళ్లాం. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం మొదలై అప్పటికి కొన్ని నెలలే, చాలా ఇళ్లలో క్యాన్ నీళ్లు కొనుక్కునేవాళ్లు. ఒక పెద్దమ్మ ఇంట్లో మూలన 20 లీటర్ల క్యాను, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసు, పొయ్యి పక్కన రెండు బిందెలు. క్యాను చూసి నేను, ఈ ఇంటికి ఇబ్బంది లేదు అని రాసుకోబోయాను. మా ఫ్రెండ్ బిందెలు చూపించి "మరి ఇవెందుకమ్మా" అంది. "అవి బువ్వకు బిడ్డా. కొన్న నీళ్లు ఎసట్ల పోస్తే ఎట్ల ఎల్తది" అంది పెద్దమ్మ. పప్పుకు మాత్రం క్యాన్ నీళ్లే పోస్తుందట, బోరు నీళ్లకు పప్పు ఉడకదని. టీ కూడా బోరు నీళ్లతోనే.

నీళ్లు కాగితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి ఇంకా చిక్కబడుతుంది. గంజి వారిస్తే కొంత గంజితో పోతుంది, అత్తెసరు పెడితే మొత్తం అన్నంలోనే ఉంటుంది. బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి, రెండు లీటర్లు ఎసట్లో పోస్తే 6 మిల్లీగ్రాములు ఆ గిన్నెలో పడ్డట్టే. భారత ప్రమాణాల ప్రకారం తాగునీళ్లలో లీటరుకు 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. తాగేది శుభ్రమైన నీళ్లే అయినా అన్నం సంగతి ఎవరు చూస్తారు? గంజి వారుస్తారా అన్న ప్రశ్న నా సిలబస్‌లో లేదు. బిందెలో ఎంతుందో కొలిచే పరికరం తన దగ్గర లేదు. మా ప్రపోజల్ నిజంగా పుట్టింది అక్కడ.

రెండోసారి పన్నెండు పేజీలే రాశాం. 60 ఇళ్లు, ఒక్కో ఇంట్లో తాగే నీళ్ల నమూనా ఒకటి, ఎసరు నీళ్ల నమూనా ఒకటి, అదే రోజు అదే ఇంట్లో తన ప్రశ్నలు. షీట్‌లో ఒక వరస అంటే ఒక ఇల్లు. అది పాసైంది. మీరూ ముందు ఆ ఖాళీ షీట్ గీసి, ఏ గడి ఎవరు నింపుతారో పేర్లు రాసి చూడండి. ఒకరి గడులు తీసేసినా మీ ప్రశ్నకు జవాబు వస్తోందంటే ఆ సబ్జెక్టు మీకు అక్కర్లేదు.

నల్గొండలో ఈ దారి కొత్తది కాదు. 1970ల్లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అక్కడి పల్లెల్లో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోవడం చూసి, నీళ్ల దగ్గరే ఆగిపోకుండా వాళ్లు తినే జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎంతుందో కూడా చూశారు. ప్రపోజల్‌లో ఇలాంటి పాత పని ఒక్కటి లోతుగా చదివి రాస్తే, ముప్ఫై పేపర్ల పేర్లు వరసగా పెట్టినదానికంటే బరువుంటుంది.

మేం వదులుకున్నది కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ వల్ల పిల్లల పళ్ల మీద వచ్చే గార చూసి గ్రేడ్ వేద్దామనుకున్నాం. దానికి శిక్షణ ఉన్న డెంటిస్టు కావాలి, తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి, ఎథిక్స్ కమిటీ దగ్గర అదంతా తేలేసరికి మే నెల దాటిపోతుంది. వానలు పడ్డాక బోరు నీళ్ల లెక్క మారిపోతుంది కాబట్టి వేసవి నమూనా పోతే మళ్లీ ఏడాది ఆగాలి. మూడో సబ్జెక్టు కావాలనిపిస్తే ఆ సబ్జెక్టు మనిషి ఎవరైనా సంతకం పెట్టి మీతో ఊరికి వస్తారేమో చూసుకోండి, లేదంటే బాధపడకుండా తీసేయండి. మీది ఉత్త సర్వేనే అయినా ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఈ వారమే కనుక్కోండి. సమ్మతి పత్రం తెలుగులో మీరే రాసి, ఇంట్లో అమ్మకో అమ్మమ్మకో చదివి వినిపించండి, వాళ్లు ఆపి అడిగిన చోటల్లా మార్చండి.

బడ్జెట్‌లో సీసాలు, ఆటో ఖర్చు, వేరే డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ వాడుకునే ఫీజు అందరూ రాస్తారు. (సీసాలు ప్లాస్టిక్‌వే కొనండి, ఫ్లోరైడ్ నమూనాలకు గాజు పనికిరాదు.) మేం ఒకటి మర్చిపోయాం, మీరు మర్చిపోకండి: ప్రతి ఇంటికీ వాళ్ల నీళ్ల ఫలితం తెలుగులో చీటీ మీద రాసిచ్చే ఖర్చు, అది ఇవ్వడానికి మళ్లీ ఊరికి వెళ్లే ఖర్చు. మేం చేతి డబ్బులతో వెళ్లాం. పెద్దమ్మ ఆ చీటీ మనవడితో చదివించుకుని, "అయితే బువ్వకు ఏ నీళ్లు పొయ్యాలె" అని అడిగింది, అరగంట కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. ఆ అరగంట కూడా ప్లాన్‌లో వేసుకోండి.

మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాసి కింద పెట్టండి, చూసి చెప్తాను.