గాలి లెక్కల గురించి మేనకోడలికి

చిరంజీవి చిన్నీకి,

మామయ్య ఆశీస్సులు. వాయు నియమాల చాప్టర్ అంటేనే టెన్షన్‌గా ఉందని, ఏ లెక్కకు ఏ ఫార్ములా వాడాలో తెలియట్లేదని మొన్న ఫోన్‌లో అన్నావు. అప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను కదా. ఈ చాప్టర్‌లో మార్కులు పోగొట్టుకున్నవాళ్లలో ఫార్ములా రానివాళ్లు తక్కువ. ఏది మారుతోందో, ఏది మారడం లేదో చూసుకోకుండా లెక్క మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ.

అందుకని ప్రశ్న చదవగానే ఫార్ములా రాయకు. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, మోల్‌ల సంఖ్య (అంటే వాయువు ఎంత ఉందో చెప్పే లెక్క). ఈ నాలుగింటిలో ఏవి స్థిరంగా ఉన్నాయో ముందు పక్కన రాసుకో. సగం పని అక్కడే అయిపోతుంది.

మెడికల్ షాపులో సూది లేని సిరంజి ఒకటి కొనుక్కో. పిస్టన్‌ను 20 మి.లీ. గీత దాకా లాగి, మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కు. పిస్టన్ 10 దగ్గరికి రావాలంటే లోపలి పీడనం రెట్టింపు కావాలి. ఆ బలం నీ వేలికే తెలుస్తుంది. ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటే ఘనపరిమాణం తగ్గినంత వంతున పీడనం పెరుగుతుందని 1662లో బాయిల్ ప్రకటించిన నియమం ఇదే. ఆయన ఒక కొస మూసిన, వంపు తిరిగిన గాజు గొట్టంలో పాదరసం పోసి కొలిచాడు. నువ్వు మాత్రం నెమ్మదిగా నొక్కాలి. గబగబా నొక్కితే గాలి వేడెక్కుతుంది, ఉష్ణోగ్రత స్థిరం అన్న షరతు పోతుంది. సైకిల్‌కి గాలి కొట్టాక పంపు అడుగున చెయ్యి పెడితే వేడిగా ఉండేది ముఖ్యంగా అందుకే.

పీడనం స్థిరంగా ఉంటే, చల్లబడేకొద్దీ వాయువు ఘనపరిమాణం తగ్గుతుందనే చార్లెస్ నియమానికి ఖాళీ నీళ్ల సీసా చాలు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, గంటయ్యాక చూడు, సొట్టలు పడి ఉంటుంది.

ఇక నాన్న కారు టైరు సంగతి. పొద్దున 27 డిగ్రీల దగ్గర మీటరు 32 పీఎస్‌ఐ (టైరు పీడనాన్ని కొలిచే ప్రమాణం) చూపించింది. ఎండలో హైవే మీద నడిచాక టైరులో గాలి 57 డిగ్రీలకు చేరిందనుకో. టైరు పెద్దగా సాగదు కాబట్టి ఘనపరిమాణం స్థిరం. ఇక్కడ పిల్లలు 57ని 27తో భాగించి, దాన్ని 32తో గుణించి 67 దాటించేస్తారు. అది నిజమైతే రోడ్డు మీద టైర్లు మిగలవు! సెల్సియస్‌లో సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చోటు మాత్రమే, వాయువుకు అది సున్నా కాదు. వాయువు లెక్కకు సున్నా మైనస్ 273 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడి నుంచి లెక్కపెట్టేదే కెల్విన్. అందుకే 273 కలిపి 300, 330 కెల్విన్‌లుగా మార్చుకోవాలి.

ఇంకో పొరపాటు కూడా ఉంది, బాగా చదివేవాళ్లే చేస్తారు. టైరు మీటరు చూపించేది బయటి గాలి పీడనం కంటే లోపల ఎంత ఎక్కువుందో, అంతే. దానికి వాతావరణ పీడనం 14.7 కలిపితే 46.7. దాన్ని 330తో గుణించి 300తో భాగిస్తే 51.4 వస్తుంది. మళ్లీ 14.7 తీసేస్తే మీటరు మీద కనబడేది సుమారు 36.7. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోమని చెప్పేది ఇందుకే. నాన్నకీ చెప్పు.

టైరు లెక్కలో వాడింది గే-లుసాక్ నియమం: ఘనపరిమాణం, మోల్‌ల సంఖ్య స్థిరంగా ఉంటే కెల్విన్ ఉష్ణోగ్రతతో పాటే పీడనం పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌ని మాత్రం దానికి ఉదాహరణగా రాయకమ్మా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే చెప్పాను. ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. లోపల గాలి ఒక్కటే ఉండి 27 నుంచి 120 డిగ్రీలకు వేడెక్కితే పీడనం 1.3 రెట్లే అవుతుంది. కుక్కర్‌లో అది రెండు అట్మాస్ఫియర్ల దాకా వెళ్తుంది. నీళ్లు ఆవిరవుతూ ఉంటాయి, మొదట్లోనే గాలి చాలావరకు బయటికి పోతుంది, అంటే మోల్‌ల సంఖ్య స్థిరంగా లేదు. గ్యాస్ బండ కూడా అంతే. లోపల ద్రవం ఉన్నంతసేపూ, ఉష్ణోగ్రత మారకపోతే పీడనం ఒకేలా ఉంటుంది. పీడనం చూసి ఎంత గ్యాస్ మిగిలిందో చెప్పలేం.

అన్నీ మారే లెక్క వస్తే పీవీ = ఎన్‌ఆర్‌టీ వాడు. ఇందులో పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్‌ల సంఖ్య, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత, ఆర్ ఎప్పుడూ మారని వాయు స్థిరాంకం. లీటర్లు, అట్మాస్ఫియర్లు ఇస్తే ఆర్ విలువ 0.0821, పాస్కల్స్, ఘనపు మీటర్లు ఇస్తే 8.314.

రేపు మూడు లెక్కలు చేసి ఫొటో తీసి పంపు. ప్రతి లెక్క పక్కనా ఏది స్థిరమో రాయి. జవాబు కంటే ముందు నేను చూసేది అదే.

ఇట్లు,
మామయ్య