అమ్మానాన్నలకు పంపే డబ్బు జకాత్ కాదు

వ అలైకుముస్సలాం తమ్ముడూ. రెండు సంగతులు అడిగావు: ఆఫీసులో వుజూ (నమాజ్‌కి ముందు నీళ్ళతో చేసుకునే శుద్ధి) ఎలా చెయ్యాలి, జీతం మీద జకాత్ (పోగైన సొమ్ములో ఏటా రెండున్నర శాతం ఇవ్వాల్సిన విధి దానం) ఎలా కట్టాలి. మొదటిదే నిన్ను ఎక్కువ కంగారు పెడుతున్నట్టుంది. ఇల్లు వదిలి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన పిల్లలందరూ ఇంతే, నలుగురి కంటా పడేదానికే భయపడతారు. కంగారు పడాల్సింది రెండోదాని గురించి. అందుకే వుజూ సంగతి ముందు తేల్చేస్తాను.

మన హనఫీ మజహబ్‌లో (మనం పాటించే ధర్మశాస్త్ర సంప్రదాయంలో) వుజూ ఫర్జ్‌లు, అంటే తప్పనిసరి పనులు, నాలుగే. ముఖం కడగడం, మోచేతులతో సహా చేతులు కడగడం, తలలో కనీసం నాలుగో వంతు తడిచేత్తో తుడవడం, చీలమండలతో సహా పాదాలు కడగడం. మిగతా సున్నత్‌లు (ప్రవక్త ఆచరించి చూపినవి) తీరికున్నప్పుడు వదలకు. బేసిన్ దగ్గర నీ వెనక ఇంకో మనిషి ఆగి ఉంటే ఈ నాలుగింటితో నమాజ్ చెల్లుతుంది. ప్రవక్త (స) ఒక ముద్ నీళ్ళతో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ అంటే ఇంచుమించు దోసెడు. చిన్న నీళ్ళ సీసా చాలన్నమాట.

పాదాల దగ్గరే అందరికీ చిక్కు. బేసిన్‌లో కాలు పెడితే పక్కవాళ్ళు ముఖం చిట్లిస్తారు. ఆ భయంతోనే వచ్చిన కొత్తలో నేను జుహర్‌ని (మధ్యాహ్నం నమాజ్‌ని) ఇంటికెళ్ళేదాకా ఆపేసి, వేళ దాటాక ఖజాగా చేసుకునేవాణ్ణి. అంత అవసరమే లేదు. పొద్దున ఇంట్లో పూర్తి వుజూ చేసి, చీలమండలు కప్పే తోలు మేజోళ్ళు తొడుక్కో. తర్వాత వుజూ పోయినా వాటిని విప్పక్కర్లేదు. తడి వేళ్ళను మేజోడు పైభాగం మీద, కాలివేళ్ళ వైపు నుంచి పిక్క వైపు ఒకసారి లాగితే మసహ్ (తడిచేత్తో తుడవడం) అయిపోయినట్టే. ఉన్నచోట ఉండేవాడికి గడువు ఒక పగలు ఒక రాత్రి, ముసాఫిర్‌కి (ప్రయాణంలో ఉన్నవాడికి) మూడు పగళ్ళు మూడు రాత్రులు. గడువు లెక్క తొడుక్కున్నప్పటి నుంచి కాదు, తొడుక్కున్నాక మొదటిసారి వుజూ పోయినప్పటి నుంచి. నువ్వు రాసిన పలుచని నూలు సాక్సుల మీద మసహ్ చెల్లదు. తయమ్ముమ్ (నీళ్ళకి బదులు శుభ్రమైన మట్టితో చేసే శుద్ధి) అంటావా, అది నీళ్ళు దొరకనివాడికి, నీళ్ళు తగిలితే జబ్బు చేసేవాడికి. చలి అనో సిగ్గు అనో చేసేది కాదు, అందులోనూ వేడినీళ్ళ కుళాయి పక్కనే పెట్టుకుని.

ఇక జకాత్. నీ ఉత్తరంలో ఒక ముక్క చదివి నాకు నిద్ర పట్టలేదు: 'నెలనెలా ఇంటికి పంపుతున్నాను కదా, అది రెండున్నర శాతం కంటే చాలా ఎక్కువే, అందులోనే జకాత్ వచ్చేసినట్టేనా?' అని రాశావు. సరిగ్గా నేనూ ఇలాగే అనుకున్నాను. జీతం పడగానే ముందు అమ్మానాన్నలకు పంపి, నా బాధ్యత తీరిందని హాయిగా ఉండేవాణ్ణి. ఒక రంజాన్‌లో మసీదులో ఒక ఆలిమ్ (మత పండితుడి) దగ్గర ఈ మాటే గర్వంగా చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, ఎవరికి పంపుతున్నావని. చెప్పాను. అది జకాత్ కాదన్నారు.

తల్లిదండ్రులు, వాళ్ళ తల్లిదండ్రులు, నీ పిల్లలు, వాళ్ళ పిల్లలు, నీ భార్య: వీళ్ళెవరికీ నీ జకాత్ చెల్లదు. తల్లిదండ్రులకు లేకపోతే పోషించడం నీ మీద ఉన్న విధి, అది వేరే ఖాతా. పైగా ఇచ్చేటప్పుడో, పక్కన తీసి పెట్టేటప్పుడో జకాత్ అనే నియ్యత్ (మనసులో సంకల్పం) ఉండాలి. ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బుకి ఇప్పుడు ఆ పేరు పెట్టడం కుదరదు.

కట్టని ఏళ్ళ జకాత్ మాఫీ కాదు, అప్పులా మెడమీద ఉంటుంది. పాత బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఒక నోటుబుక్కులో ఏడాదికో పేజీ. ఆ ఏడాది రంజాన్ మొదటి తేదీన ఖాతాలో ఎంత ఉంది, స్నేహితులకిచ్చిన చేబదుళ్ళు ఎంత, నేను తీర్చాల్సినవి ఎంత, మిగిలినదాంట్లో నలభయ్యో వంతు ఎంత. బ్యాంకు వడ్డీని విడిగా రాశాను, ఎందుకంటే అది జకాత్ కింద చెల్లదు, పుణ్యం ఆశించకుండా వదిలించుకోవాల్సిన సొమ్ము. మొత్తం చూసి గుండె గుభేలుమంది. అయినా కొంచెం కొంచెంగా అంతా తీర్చాను, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా. నీకు ఆ పాత బాకీ తిప్పలు రాకూడదనే ఇంత చెబుతున్నాను.

నిసాబ్, అంటే జకాత్ కట్టాల్సి రావడానికి ఉండాల్సిన కనీస సొమ్ము, 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ. నగదు ఉన్నవాళ్ళు వెండి లెక్క చూడాలని హనఫీ ఉలమాల్లో (పండితుల్లో) ఎక్కువమంది చెబుతారు. నీ సొమ్ము మొదటిసారి నిసాబ్ దాటిన హిజ్రీ తేదీ రాసి పెట్టుకో. చాంద్రమాన సంవత్సరం తిరిగి అదే తేదీ వచ్చినప్పుడు నిసాబ్‌కి తగ్గకుండా ఎంత ఉంటే అంతటి మీదా రెండున్నర శాతం. మధ్యలో తగ్గినా, పూర్తిగా అయిపోకపోతే లెక్క నడుస్తూనే ఉంటుంది. ఉండే ఇల్లు, తిరిగే కారు, ఇంటి సామాను లెక్కలోకి రావు. నీ భార్య బంగారం మీద జకాత్ ఆమెది. తొడుక్కునే నగలైనా మన మజహబ్‌లో కట్టాల్సిందే, షాఫయీ మజహబ్ వాళ్ళు అక్కర్లేదంటారు. ఆమె ఒప్పుకుంటే ఆమె తరఫున నువ్వు కట్టొచ్చు. చదువు అప్పుని లెక్కలోంచి ఎంత తీసెయ్యాలో స్థానిక ముఫ్తీని (ధర్మ సందేహాలు తీర్చే పండితుణ్ణి) అడుగు. మొత్తం అప్పు కాదు, వచ్చే ఏడాది కట్టాల్సిన కిస్తులే తీసెయ్యాలని చాలామంది అంటారు.

మరి ఎవరికివ్వాలి? ఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో (వాక్యంలో) జకాత్ తీసుకోదగ్గ ఎనిమిది వర్గాలున్నాయి. తోబుట్టువులు, బాబాయిలు, మేనత్తలు నిసాబ్ లేనివాళ్ళయితే వాళ్ళకే ముందివ్వు. బంధువుకిస్తే దానమూ అవుతుంది, బంధం నిలుపుకున్నట్టూ అవుతుంది. చేతికిచ్చేటప్పుడు జకాత్ అని చెప్పనక్కర్లేదు, నీ మనసులో ఉంటే చాలు, వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా తీసుకుంటారు. ఉన్న ఊరి పేదల్ని వదిలి దూరం పంపడం మామూలుగా మక్రూహ్ (మంచిది కాని పని), కానీ బంధువులకో, అంతకంటే ఎక్కువ అవసరంలో ఉన్నవాళ్ళకో అయితే పర్వాలేదు. సయ్యద్‌లకు (ప్రవక్త వంశీకులకు) జకాత్ ఇవ్వకూడదు. మసీదు కట్టడానికీ వాడకూడదు, దానికి సదఖా (ఐచ్ఛిక దానం) వేరే ఇవ్వు.

ఆ ఎనిమిదిలో దారిలో చిక్కుకున్న బాటసారి కూడా ఉన్నాడు. ఇంటి దగ్గర ఆస్తి ఉన్నా, పరాయిచోట చేతిలో చిల్లిగవ్వ లేనివాడు. ఉద్యోగం పోయి, సొంత డబ్బు అందే దారి లేక ఇక్కడ ఇరుక్కుపోయిన కుర్రాళ్ళు అవమానమనుకుని పస్తులుంటారు. నీకే ఆ గతి పడితే మసీదు కమిటీ దగ్గరికి వెళ్ళి అడుగు, అవసరానికి సరిపడా తీసుకో. అది అల్లాహ్ నీకు రాసిచ్చిన హక్కు.

ఫిత్రాకి, అంటే రంజాన్ ఈద్ సందర్భంగా పేదలకిచ్చే దానానికి, జకాత్‌లా ఏడాది తిరగాలన్న నియమం లేదు. నీకూ, నీ చిన్నపిల్లలకూ కలిపి ఈద్ నమాజ్ లోపు ఇచ్చెయ్యాలి. దూరం పంపేటట్టయితే డబ్బు చేరడానికి రోజులు పడుతుంది కాబట్టి, రంజాన్ చివరి పదిరోజులు మొదలవకముందే పంపేయ్.